ఫ్యాను ఆపి వేసిన బొమ్మలు: మోనోప్రింట్ నేర్చుకున్న నా అనుభవం

నేను హనుమకొండలో ఒక స్కూల్లో డ్రాయింగ్ టీచర్‌ని. వాటర్ కలర్స్ పట్టుకుని ఇరవై ఏళ్ళు దాటింది. 2024 ఫిబ్రవరిలో మోనోప్రింట్ మొదలుపెట్టాను. ఈమధ్య నా ప్రింట్లు చూసినవాళ్ళు ఎక్కడ నేర్చుకున్నారు, ఇంట్లో అవుతుందా, ఖర్చెంత అని అడుగుతున్నారు. ఒక్కొక్కరికీ ఫోన్లో చెప్పేకన్నా జరిగింది జరిగినట్టు రాసిపెడితే నాకూ సుఖం, వాళ్ళకీ సుఖం.

నున్నటి పలక మీద రంగు పూసి, కావాలంటే ఆకుల్లాంటివి పేర్చి, కాగితం పరిచి, అద్ది తీయడమే పని. బొమ్మ ఒక్కటే వస్తుంది, అచ్చం అలాంటిదే రెండోది రాదు. ఈ నాలుగు ముక్కలూ ఏ వీడియో చూసినా తెలుస్తాయి. అవి చెప్పనిది ఒకటుంది. ఆ వీడియోల్లో ఎక్కువ భాగం చల్లటి దేశాల్లో తీసినవి. "రంగు పూశాక నింపాదిగా ఆకులు పేర్చుకోండి" అంటుంది అందులో ఒకావిడ. మా ఊళ్ళో ఏప్రిల్ నెలలో నింపాదిగా పేర్చుకుంటే కాగితం, ఆకు, పలక మూడూ ఒకదానికొకటి అంటుకుపోతాయి. వాళ్ళ కొలతలు మనకూ పనికొస్తాయి, వాళ్ళ టైము మాత్రం రాదు. నేను నేర్చుకున్నదాంట్లో సగం ఈ టైము సంగతే.

ఫిబ్రవరిలో మొదట చూసింది రెడీమేడ్ జెల్ ప్లేటు, అంటే రంగు పూసే పలకే, మెత్తగా సాగే రకం. ఎ4 సైజుకు దగ్గరగా ఉన్నది ఆన్‌లైన్‌లో మూడు వేలు దాటి చూపించింది. ఇష్టమో కాదో తెలియని పనికి అంత పెట్టబుద్ధి కాలేదు. ఇంట్లోనే జెలటిన్‌తో పోసుకోవచ్చని చదివి, బేకరీ సామాన్లు అమ్మే షాపులో జెలటిన్ పొడి, కెమికల్స్ షాపులో గ్లిజరిన్ తెచ్చుకున్నాను. గ్లిజరిన్ మెడికల్ షాపులో చిన్న సీసాల్లోనూ దొరుకుతుంది కానీ, అలా కొంటే ధర చాలా ఎక్కువ పడుతుంది. రెండూ కలిపి వెయ్యి లోపే అయ్యాయి, సగానికి పైగా మిగిలాయి కూడా.

అడ్డం వచ్చింది డబ్బు కాదు, వంటిల్లు. మా అత్తమ్మ మాంసం ముట్టరు. పొడి డబ్బా చూసి "ఇది దేంతోని చేస్తరు బిడ్డా?" అని అడిగారు. పశువుల తోలు, ఎముకల నుంచి తీస్తారని ఉన్నమాట చెప్పాను. "నా పొయ్యి మీద మాత్రం పెట్టకు" అన్నారు. కోపంగా ఏమీ అనలేదు, కానీ ఇక మాట్లాడేది లేదన్నట్టు అన్నారు. ఆవిడే చైనా గ్రాస్‌తో చేసి చూడమన్నారు. చేశాను. గట్టిగానే పేరుకుంది కానీ దానికి సాగే గుణం లేదు. రోలర్ కాసేపు తిప్పేసరికి నడిమికి విరిగింది. శాకాహారులెవరైనా ఆ దారిలో వెళ్ళాలనుకుంటే నా సలహా, రెడీమేడ్ ప్లేటుకి డబ్బు కూడబెట్టుకోండి. అందులో జెలటిన్ ఉండదు. నేను చివరికి బాల్కనీలో ఇండక్షన్ స్టవ్ పెట్టుకుని, పాత స్టీలు గిన్నె ఒకటి దీనికే కేటాయించాను. ఆ గిన్నె మళ్ళీ వంటింటి గడప తొక్కలేదు.

నేను వాడిన కొలత: నీళ్ళు పావు లీటరు, గ్లిజరిన్ పావు లీటరు, జెలటిన్ అరవై గ్రాములు. ముందు పొడిని గ్లిజరిన్‌లో ఉండలు లేకుండా కలిపి, తర్వాత వేడినీళ్ళు పోసి, గిన్నెని ఇంకో వేడినీళ్ళ గిన్నెలో పెట్టి మెల్లగా కరిగించాలి. మరగనివ్వకూడదు. గిలక్కొడితే నురగ వస్తుంది. ఆ బుడగలు పైన నిలిచిపోయి ప్రతి ప్రింటులోనూ తెల్ల చుక్కలుగా పడతాయి. ట్రేలో పోసిన వెంటనే న్యూస్‌పేపర్ పట్టీని పైపైన జరుపుతూ లాగితే బుడగలన్నీ దానికి అంటుకుని వచ్చేస్తాయి. ఈ చిట్కా బంగారం. ట్రే పెట్టే చోటు మట్టంగా ఉందో లేదో ముందే చూసుకోవాలి. మా బాల్కనీ నీళ్ళు పోవడానికి వాలుగా కట్టారు, దాంతో నా మొదటి ప్లేటు ఒక పక్క మందంగా, ఇంకో పక్క పలచగా వచ్చింది. అయినా దాన్నే మూడు నెలలు వాడాను.

రోలర్ దగ్గర అందరూ పొదుపు చేయాలనుకుంటారు. గోడలకు పెయింట్ వేసే స్పాంజి రోలర్ చవకే కానీ, అది రంగంతా తాగేసి చుక్కలు చుక్కలుగా వదులుతుంది. మెత్తటి రబ్బరు రోలర్ తొమ్మిది వందలు పెట్టి తెప్పించుకున్నాను. మొత్తం సామాన్లలో ఏ ఒక్కదానికైనా డబ్బు పెట్టాలంటే దీనికే పెట్టండి.

మొదటి ప్రింట్లు బురదలా వచ్చాయి. వాటర్ కలర్ వేసే చేతికి రంగు మీద, నీటి మీద ఒక పట్టు ఉంటుంది. ఎక్కడ ఆపాలో వేళ్ళకే తెలుస్తుంది. ఇక్కడ ఆ తెలివంతా అడ్డమే. రంగు శనగగింజంత వేసి, రోలర్‌తో పలచగా పరవాలి. నాకేమో ఎంత వేసినా చాలదనిపించేది. ఎక్కువైన రంగు కాగితం కింద నలిగి అంచులు దాటిపోయేది. పైగా కాగితం తిప్పి చూసేదాకా ఏం వచ్చిందో తెలియదు. ఇరవై ఏళ్ళ పని తెలిసిన మనిషికి మళ్ళీ ఏమీ తెలియని స్థితిలో కూర్చోవడం ఎంత చిరాకో అనుభవిస్తే తెలుస్తుంది. ఒక ఆదివారం ట్రేని మంచం కిందకి తోసేసి, రెండు వారాల దాకా దాని మొహం చూడలేదు.

మళ్ళీ బయటికి తీయించింది గోంగూర. కట్ట విప్పుతుంటే ఆకు అడుగున ఈనెలు పైకి తేలి కనిపించాయి. తడి ఆకు పనికిరాదని రాత్రంతా న్యూస్‌పేపర్ల మధ్య బరువు పెట్టి ఉంచి, పొద్దున్న నల్లరంగు పూసిన ప్లేటు మీద ఈనెలు కిందికి వచ్చేలా పెట్టి ప్రింటు తీశాను. నల్లటి మైదానంలో తెల్ల ఆకు. పర్వాలేదు, అంతే. తర్వాత ఆకుని ఒడుపుగా ఎత్తేసి, ప్లేటు మీద మిగిలిపోయిన రంగు మీదే ఇంకో కాగితం వేశాను. అందులో ఆకు అడుగున దాగిన రంగంతా వచ్చింది, సన్నటి ఈనెలతో, పంటి అంచులతో సహా. ఈ రెండో ప్రింటుని ఘోస్ట్ ప్రింట్ అంటారు. నాకైతే అసలు ప్రింటు కన్నా ఇదే ఎప్పుడూ బాగుంటుంది. ఆ వారం ఇంటి చుట్టుపక్కల దొరికిన ఆకులన్నీ అయిపోయాయి. రావి, వేప, తంగేడు బాగా పడతాయి. మామిడాకు మందం, నునుపు, ఈనెలు సరిగా పడవు. కరివేపాకు రెమ్మ బాగానే పడుతుంది గానీ, ఆరు బయట కోసినది కాకుండా ఫ్రిజ్‌లోది వాడితే చెమ్మ వదులుతుంది.

కాగితం గురించి: డ్రాయింగ్ బుక్ కార్ట్రిడ్జ్ కాగితమే నేర్చుకోవడానికి హాయి. నా దగ్గరున్న ఖరీదైన గరుకు వాటర్ కలర్ కాగితం చేత్తో అద్దేటప్పుడు పూర్తిగా తగలక మచ్చలు వదిలేసింది. దాన్ని పక్కన పెట్టాల్సి రావడం నా పర్సుకి ఊరట.

మార్చి నెలాఖరుకి ఎండ ముదిరింది. అక్రిలిక్ రంగులు రోలర్ తిప్పుతుండగానే ఆరిపోవడం మొదలైంది. నేను రంగు నాసిరకం అనుకున్నాను, కంపెనీ మార్చాను, ఏమీ తేడా లేదు. అసలు కారణం నెత్తిమీద తిరుగుతోంది. సీలింగ్ ఫ్యాను. అది ఆపితే రంగు ఇంకో నిమిషం తడిగా ఉంటుంది. ఫ్యాను ఆపి, కిటికీ మూసి, చెమటలు కక్కుతూ ప్రింట్లు తీశాను. చెమట చుక్క ప్లేటు మీద పడితే అక్కడ రంగు విడిపోయి ఒక గుండ్రటి మచ్చ వస్తుంది. నా ఏప్రిల్ ప్రింట్లలో అలాంటివి చాలా ఉన్నాయి. చూసినవాళ్ళు కావాలని చేసిన టెక్స్చర్ అనుకుంటున్నారు, నేను కాదనడం లేదు.

రంగులో రెండు చుక్కల గ్లిజరిన్ కలిపితే కొంచెం నయం. ఎక్కువ కలిపితే ప్రింటు ఎన్నాళ్ళకీ జిగురు వదలదు. ఆరకుండా ఆపే రిటార్డర్ అని అమ్ముతారు, అది కూడా వాడాను, దానికీ దీనికీ నాకు పెద్ద తేడా కనబడలేదు.

మే రెండో వారంలో ప్లేటే కరిగింది. మధ్యాహ్నం స్కూల్ పనిమీద బయటికి వెళ్ళి వచ్చేసరికి ట్రేలో అంచులు జారి, మధ్యలో గుంట పడి ఉంది. జెలటిన్ ఒట్టి నీళ్ళతో చేస్తే ముప్పై అయిదు డిగ్రీల లోపే కరగడం మొదలుపెడుతుంది. గ్లిజరిన్ వేసినది కొంత తట్టుకుంటుంది కానీ, డాబా కింద గదిలో మే నెల మధ్యాహ్నాన్ని అది కూడా ఓర్చుకోలేకపోయింది. పైగా గ్లిజరిన్ తియ్యగా ఉంటుంది కదా, చీమల బారు ఒకటి వచ్చింది. ట్రే కింద నీళ్ళ పళ్ళెం పెట్టడం అప్పటినుంచి అలవాటైంది. కరిగిన ప్లేటుతో నష్టమేమీ లేదు. వేడినీళ్ళ గిన్నెలో పెట్టి మళ్ళీ కరిగించి, ఈసారి బాల్కనీలో కాకుండా మట్టంగా ఉన్న చదువు బల్ల మీద పోశాను. గాట్లు పడ్డా, రంగు ఇంకినా ఇదే మందు.

నేను ఓడిపోతున్నానని అనుకున్న ఆ ఎండే ఇంకో పద్ధతికి సాయం చేసింది. ప్లేటు మీద పలచగా ఒక రంగు పూసి, చిత్రం గీసి, పూర్తిగా ఆరనివ్వాలి. దాని మీద ఇంకో రంగు, అదీ ఆరాలి. అలా నాలుగైదు పొరలయ్యాక పైన తెలుపో పసుపో తడిగా పూసి, కాగితం వేసి, బరువు పెట్టి పావుగంట వదిలేయాలి. తీస్తే కింద ఆరిన పొరలన్నీ కాగితంతో పాటు లేచి వస్తాయి. వీడియోలో ఆవిడ ప్రతి పొరకీ హెయిర్ డ్రయర్ పెట్టింది. మా ఇంట్లో మే నెలలో ఒక్కో పొర రెండు నిమిషాల్లో ఆరింది. పొద్దున్నే అయిదింటికి లేచి తడి ప్రింట్లు, పదకొండు తర్వాత పొరల ప్రింట్లు. ఆ వేసవి సెలవులు అలా గడిచాయి. జిరాక్స్ షాపులో తీసిన కాపీలతో ఫోటోలు ఎక్కించడం కూడా అప్పుడే పట్టుబడింది. పలచగా పూసిన నల్లరంగు మీద ఆ కాపీని బోర్లించి వెంటనే లేపితే, తెల్లకాగితం ఉన్నచోట రంగు లేచిపోతుంది, టోనర్, అంటే జిరాక్స్ నల్లపొడి, ఉన్నచోట ప్లేటు మీదే ఉండిపోతుంది. ఇంట్లో ఇంక్‌జెట్ ప్రింటర్‌తో తీసిన కాపీ దీనికి పనిచేయదు. ఫ్యాను సంగతి ఇక్కడా వర్తిస్తుంది.

ఇందులో ఇంకో చిక్కు, అన్నీ తిరగబడి వస్తాయి. వేయిస్తంభాల గుడి గీస్తే నంది అటుది ఇటు వచ్చింది. ఊరు తెలిసినవాళ్ళు ఇట్టే పట్టేస్తారు. తెలుగు అక్షరాలు రాయాలంటే ట్రేసింగ్ కాగితం మీద రాసి, దాన్ని బోర్లా పెట్టి చూస్తూ రాయాలి. గుండ్రటి అక్షరాలు కాబట్టి చెయ్యి సులువుగానే తిరుగుతుంది, తలకట్లు, వత్తుల దగ్గరే మెదడు మొరాయిస్తుంది.

జూన్‌లో స్కూల్ తెరిచాక అక్రిలిక్ తొందర భరించలేక నూనె ఇంకుల వైపు చూశాను. ప్రింట్‌మేకింగ్ ఇంకు చిన్న ట్యూబు ధర చూస్తే గుండె ఆగింది. మా ఊళ్ళో శుభలేఖలు వేసే ఆఫ్‌సెట్ ప్రెస్ ఒకటి ఉంటే అక్కడికి వెళ్ళి అడిగాను. "కిలో డబ్బానే వస్తది మేడమ్, మీకు ఎంత కావాలె?" అన్నాడాయన. రెండు చెంచాలు చాలన్నాను. నవ్వి, సయాన్, మెజెంటా, పసుపు, నలుపు నాలుగూ తలా కొంచెం ప్లాస్టిక్ కవర్లో వేసి ఇచ్చాడు. డబ్బు తీసుకోలేదు. "చేతికి అంటితే పోదు, గ్లౌజులు తొడుక్కోండి" అని మాత్రం గట్టిగా చెప్పాడు. హైదరాబాద్‌లో ఉన్నవాళ్ళు ఛత్తా బజార్‌లో ప్రెస్సుల దగ్గర అడిగి చూడొచ్చు.

ఆఫ్‌సెట్ ఇంకులు పారదర్శకంగా ఉంటాయి. సయాన్ మీద పసుపు వేస్తే ఆకుపచ్చ అవుతుంది. వాటర్ కలర్ వాళ్ళకి ఇది పుట్టింటికి వచ్చినంత హాయి. కాకపోతే ఇవి ఆరవు. నున్నటి దళసరి కాగితం మీద వారం పట్టినా వేలికి అంటుతూనే ఉంటాయి. నీళ్ళతో కడిగితే పోవు. కిరోసిన్ ఇప్పుడు దొరకదు, టర్పెంటైన్ వాసనకి మా అబ్బాయికి తలనొప్పి. వంటనూనె వేసి గుడ్డతో తుడిచి, ఆపైన గిన్నెల సబ్బు నురగతో కడిగితే రోలర్, ఇంకు పరిచే గాజు రెండూ శుభ్రమవుతాయి. నూనె ఆనవాలు మిగలకూడదు, మిగిలితే మర్నాడు ఇంకు ఆ చోట పట్టదు.

ఈ ఇంకులతో జెలటిన్ ప్లేటు జోలికి పోలేదు. పాత కిటికీ అద్దం మీద నల్ల ఇంకు చాలా పలచగా పరిచి, పైన కాగితం మెల్లగా వాల్చి, వెనకవైపు పెన్సిల్‌తో గీశాను. గీత ఎక్కడ పడితే అక్కడే ముందువైపు ఇంకు అంటుతుంది. ముతకగా, నూగు నూగుగా వచ్చే ఆ గీత అందం ఏ పెన్నుతోనూ రాదు. దక్షిణ సముద్ర దీవుల్లో ఫ్రెంచ్ చిత్రకారుడు గొగాఁ, ఆయన తర్వాత ఇంకో చిత్రకారుడు పాల్ క్లే ఇలాంటి పద్ధతితో చాలా బొమ్మలు వేశారు. చెయ్యి కాగితానికి ఆనితే మాత్రం అక్కడంతా మసి. అద్దానికి అటూ ఇటూ రెండు లావాటి పుస్తకాలు పెట్టి, వాటి మీద చెక్క స్కేలు వేసి, చెయ్యి స్కేలు మీద ఆనించి గీయడం అలవాటు చేసుకున్నాను.

ఇక ప్రెస్సు, అంటే కాగితాన్ని ప్లేటు మీద గట్టిగా ఒత్తే యంత్రం. చేత్తో ఎంత అద్దినా కాగితంలోకి ఇంకు దిగే లోతు వేరు, ప్రెస్సు మీద దిగే లోతు వేరు అని అందరూ అంటుంటే ఒకసారి చూడాలనిపించింది. హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు స్టూడియో వర్క్‌షాప్‌కి మే నెలలోనే పేరిస్తే జూలైలో సీటు దొరికింది. ప్రెస్సు ఒక్కటే ఉంటుంది కాబట్టి ఆరుగురిని మించి తీసుకోరట. నాలుగు రోజులకి ఆరు వేలు, కాగితాల ఖర్చు వేరే. కాజీపేట నుంచి రైలు, రాత్రుళ్ళు చెల్లెలి ఇంట్లో. బస, భోజనం తప్పాయి కాబట్టి సరిపోయింది, లేకపోతే మొత్తం పదిహేను వేలకి తక్కువ కాదు.

వెళ్ళేసరికి మిగిలిన అయిదుగురూ పాతికలోపు పిల్లలు. ఫైన్ ఆర్ట్స్ కాలేజీ వాళ్ళు. "ఆంటీ, మీరు మీ పాప కోసం వచ్చారా?" అని అడిగింది ఒకమ్మాయి. కాదమ్మా, నేనే నేర్చుకోవాలని అన్నాను. పాపం తను చాలా నొచ్చుకుంది, ఆ నాలుగు రోజులూ నా కాగితాలు తనే తడిపి పెట్టింది.

మొదటి రోజంతా ప్లేటు తయారీకే పోయింది. మూడు మిల్లీమీటర్ల అక్రిలిక్ ప్లాస్టిక్ షీటు ముక్కకి నాలుగు అంచులూ ఆకురాయితో ఏటవాలుగా రాయాలి. ఎందుకింత అని విసుక్కున్నాను. అంచు పదునుగా ఉంటే ప్రెస్సు ఒత్తిడికి కాగితం తెగుతుంది, పైన పరిచే ఉన్ని దుప్పట్లు కూడా తెగుతాయి, ఆ దుప్పట్ల ఖరీదు మన ఫీజుకి చాలా రెట్లు అని సార్ చెప్పాక నోరు మూసుకుని రాశాను. సాయంత్రానికి బొటనవేలు బొబ్బ.

రెండోరోజు ఇంకు. ఎంత పలచగా పరవాలో ఆయన చూపించలేదు, వినిపించారు. గాజు మీద రోలర్ తిప్పుతుంటే ఇంకు ఎక్కువైతే చప్‌చప్‌మని ముద్ద చప్పుడు. సరిగ్గా ఉంటే కాలిన పెనం మీద నీళ్ళు చిలకరిస్తే వచ్చే సుయ్‌మనే చప్పుడు. అప్పటినుంచి కళ్ళకన్నా చెవులనే నమ్ముతున్నాను. ప్లేటంతా నల్లగా పూసి, గుడ్డతో, దూదిపుల్లతో, గోరుతో ఇంకు తుడిచేస్తూ వెలుగులు తీయడం ఒక పద్ధతి. ఖాళీ ప్లేటు మీద ఇంకుతో చిత్రం గీయడం ఇంకో పద్ధతి. పందొమ్మిదో శతాబ్దంలో ఫ్రెంచ్ చిత్రకారుడు డెగా ఈ రెండూ చేశాడు, రెండోసారి తీసిన వెలిసిన ప్రింట్ల మీద పాస్టెల్ రంగుసుద్దలు కూడా వేశాడు. కాగితం తెల్లగా వదిలి వెలుగు చూపించడం వాటర్ కలర్‌లో నాకు అలవాటే కాబట్టి, చీకట్లోంచి తుడిచి వెలుగు తీసే మొదటి పద్ధతి నాకు చప్పున ఎక్కింది.

అన్నిటికన్నా ముఖ్యంగా, ఇక్కడ ఎవరూ నన్ను తరమలేదు. నూనె ఇంకు గంటల తరబడి తడిగా ఉంటుంది. ప్రెస్సు దగ్గర వంతు కోసం ముప్పావుగంట కూర్చున్నా ప్లేటు అలాగే ఉంది. ఫిబ్రవరి నుంచి మొదటిసారి ఒక ముఖం గీసి, తుడిచి, మళ్ళీ గీసి, టీ తాగి వచ్చి, ముక్కు సరిదిద్దాను. ఆరిపోయేదల్లా కాగితమే. దాన్ని పావుగంట నీళ్ళలో నానబెట్టి, టవళ్ళ మధ్య అద్ది, తడి మెరుపు పోయి చల్లదనం మాత్రం మిగిలినప్పుడు వాడాలి. జూలై కాబట్టి సరిపోయింది. మేలో అయితే ప్లాస్టిక్ కవర్లో చుట్టి ఉంచాల్సిందేనట.

ప్రెస్సు చక్రం ఆగకుండా ఒకే వేగంతో తిప్పాలి. మధ్యలో ఆగితే అక్కడ అడ్డంగా గీత పడుతుంది. నా వంతు వచ్చేసరికి చేతులు వణికాయి. దుప్పట్లు ఎత్తి, కాగితం మూల పట్టుకుని లేపుతుంటే నలుపు ఎంత మెత్తగా, ఎంత లోతుగా దిగిందంటే, నేను వేసినదేనా అని నాకే అనుమానం వచ్చింది. చుట్టూ ప్లేటు అంచు నొక్కుడు గుర్తు. ఇంట్లో చేత్తో తీసిన ప్రింటు పక్కన పెడితే అది పాపం వెలవెలపోయింది. ఆ రాత్రి చెల్లెలి ఇంట్లో నిద్ర పట్టలేదు, సంతోషంతో కొంత, ఇంత ప్రెస్సు నాకెక్కడిది అన్న దిగులుతో కొంత.

మూడోరోజు సార్ మాకు ప్రింట్‌మేకర్ కృష్ణారెడ్డి పద్ధతి తాలూకు కిటుకు ఒకటి చూపించారు. చిత్తూరు జిల్లా నందనూరులో 1925లో పుట్టి, శాంతినికేతన్‌లో చదివి, ప్యారిస్‌లో ఆటెలియే 17 అనే వర్క్‌షాప్‌లో పనిచేసిన మనిషి ఆయన. నూనె ఎక్కువున్న ఇంకు, తక్కువున్న ఇంకు ఒకదాన్నొకటి పట్టుకోవనే గుణాన్ని వాడుకుని, చెక్కిన ఒకే ప్లేటు మీద ఎన్నో రంగులు ఒకేసారి అచ్చు వేసే దారి వేసినవాళ్ళలో ఆయనొకరు. మేం చెక్కిన ప్లేటు వాడలేదు. లిన్సీడ్ (అవిసె) నూనె కలిపిన పలచటి ఎరుపుతో కుంచెతో ఒక ఆకారం వేసి, పైనుంచి చిక్కటి నీలాన్ని రోలర్‌తో తిప్పాం. నీలం చుట్టూ పట్టింది, ఎరుపు మీద పట్టకుండా జారిపోయింది. ఇరవై ఏళ్ళుగా బొమ్మలు వేస్తూ ఆయన పేరు విన్నానే తప్ప, ఆయన ఏం చేశారో చేతికి తెలిసింది ఆరోజే.

ఇంటికొచ్చాక ప్రెస్సు లేని బాధ కొన్నాళ్ళు పీడించింది. చిన్న సైజు బల్లమీది ప్రెస్సు ధర కనుక్కుంటే నా రెండు నెలల జీతం దాటింది. ప్రస్తుతానికి ఆ ఆలోచన మానుకుని, పెద్ద ప్రింట్లు అనుకున్నప్పుడు స్టూడియోలో గంటల లెక్కన అద్దె కట్టి తీసుకుంటున్నాను. చిన్నవి ఇంట్లో, స్టీలు గరిటె వెనకభాగంతో రుద్ది.

వానల్లో ఇంకో రకం ఇబ్బంది. సెప్టెంబరు మొదట్లో కేసముద్రం దగ్గర రైలు పట్టాలు కొట్టుకుపోయిన వానలు గుర్తున్నాయి కదా, ఆ వారం తీసిన నూనె ప్రింట్లు నెలాఖరుకి గానీ ఆరలేదు. దండెం మీద క్లిప్పులు పెట్టి వేలాడదీస్తే కాగితం చెమ్మకి వంకరపోయింది. జెలటిన్ ప్లేటు మీద బూజు చుక్కలు వచ్చాయి. పైపైన స్పిరిట్‌తో తుడిచి, రెండు ప్లాస్టిక్ షీట్ల మధ్య పెట్టి మూతడబ్బాలో దాస్తే ఆగింది. అక్రిలిక్‌కి మాత్రం ఇదే మంచి కాలం. ఫ్యాను వేసుకుని, పాటలు వింటూ, ఆ వీడియో ఆవిడ చెప్పినంత నింపాదిగా ఆకులు పేర్చుకున్నాను.

2025 జనవరిలో ఒక గ్రూప్ షోలో నావి ఆరు పెట్టారు. అక్కడ ఎదురైన తలనొప్పి నేను ఊహించనిది. అప్లికేషన్‌లో "ప్రింట్" అని రాస్తే ఎడిషన్ ఎన్ని, అంటే ఒకే బొమ్మవి ఎన్ని కాపీలు అని అడిగారు. 1/1 అని రాశాను, అదే పద్ధతి. మిగతా కాపీలు ఎప్పుడు తెస్తారని ఫోను. లేవంటే నమ్మరు. చూడ్డానికి వచ్చినవాళ్ళు ఇంకో అడుగు ముందుకేసి, "ప్రింటేనా? ఒరిజినల్ లేదా?" అన్నారు. మన దగ్గర ప్రింటంటే కంప్యూటర్‌లోంచి తీసిన కాపీ అనే అర్థం స్థిరపడిపోయింది, వాళ్ళను అని లాభం లేదు. రెండోరోజు ఇంకు మరకలున్న అక్రిలిక్ ప్లేటు ఒకటి తెచ్చి ప్రింట్ల పక్కన బల్లమీద పెట్టాను. అది చేత్తో తాకి చూశాక ప్రశ్నలు మారాయి. ప్లేటు తుడిచేశాక బొమ్మ ఇంక లేనట్టేగా అని ఒక పెద్దాయన తనంతట తనే అన్నారు.

అమ్ముడైంది ఒక్కటి, పాస్టెల్ అద్దిన గోంగూర ఘోస్ట్ ప్రింటు. నాలుగు వేలు. ఆరింటికీ ఫ్రేములకి తొమ్మిది వేలయింది. నూనె ప్రింటు పూర్తిగా ఆరకుండా ఫ్రేము కట్టిస్తే గాజుకి అంటుకుంటుంది, అందుకని మధ్యలో మౌంట్ బోర్డు తప్పనిసరి, ఖర్చు అక్కడే పెరుగుతుంది. మొత్తం ఏడాది ఖర్చు వర్క్‌షాప్, రైళ్ళు, ఫ్రేములతో కలిపి పాతిక వేల పైచిలుకు. ఇంట్లో జెలటిన్‌తో మాత్రమే ఆపేసి ఉంటే అయిదు వేల లోపు.

ఇప్పుడు మళ్ళీ మార్చి వచ్చింది. మొన్న ప్లేటు కరిగించి కొత్తగా పోశాను, ఈసారి జెలటిన్ పది గ్రాములు ఎక్కువ వేసి. కొంచెం గట్టిగా ఉంది, సన్నటి ఈనెలు మునుపంత స్పష్టంగా పడటం లేదు. మే ఎండకి నిలబడితే ఇదే కొలత ఉంచేస్తాను, లేకపోతే మళ్ళీ అరవైకే.